బస్టాండులో నాటకం ఆడాలంటే ముందు జనం దగ్గరున్న టైము కొలవండి

విజయనగరం నుంచి అడిగారు: ఐదుగురు నటులు, ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. పరిషత్తుల పోటీ నాటకాల్లో వేషాలు కట్టారు, సినిమా ఆడిషన్ల చుట్టూ తిరిగారు, ప్రస్తుతం చేతిలో పని లేదు. హాలు అద్దె, లైట్లు, మేకప్‌ మనిషి, ఇవన్నీ భరించే స్తోమత లేదు. అందుకని విజయనగరం, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుల్లో, రైతుబజారులో, వీలుంటే ప్యాసింజరు రైల్లో పాతిక నిమిషాల నాటకం ఆడదామనుకుంటున్నారు. పర్మిషన్‌ ఎవరిస్తారు, మైకు ఉండాలా, డబ్బులు వస్తాయా అన్నవి ప్రశ్నలు.

మూడింటికీ జవాబు ఉంది గానీ, అసలు చిక్కు ఆ పాతిక నిమిషాల దగ్గరే ఉంది. హాలుకొచ్చినవాడు రెండు గంటలు మీకిచ్చేసి వస్తాడు. బస్టాండులో ఉన్నవాడు మీకు ఏమీ ఇవ్వలేదు. వాడి చెవి ఎంక్వయిరీ మైకు మీద, కన్ను ప్లాట్‌ఫారం మీద, చెయ్యి సంచి మీద ఉంటాయి. నాటకం నిడివి మీరు తేల్చేది కాదు, ఆ చోటు తేలుస్తుంది. స్క్రిప్టు చేతిలో పెట్టుకుని చోటు వెతకడం తిరకాసు పని. చోటు చూసుకుని స్క్రిప్టు రాసుకోవాలి.

కాబట్టి మొదటి పని రిహార్సలు కాదు. ఆడాలనుకున్న వారమే, ఆడాలనుకున్న వేళకే వెళ్లి రెండు గంటలు కూర్చోండి. సోమవారం పొద్దున్న కాంప్లెక్సు వేరు, ఆదివారం సాయంత్రం కాంప్లెక్సు వేరు. ఓ ఇరవై మందిని గుర్తుపెట్టుకుని ఎప్పుడొచ్చారు, ఎప్పుడు లేచి బస్సెక్కారు రాసుకోండి. వైజాగ్‌ నాన్‌స్టాప్‌ ఆగే దగ్గర ఎవరూ నిలవరు, క్యూ కదిలిపోతూనే ఉంటుంది. అక్కడ మీకు పని లేదు. పాలకొండ, రాజాం, పార్వతీపురం వైపు పల్లెవెలుగు బస్సులు ఆగే దగ్గర జనం బెంచీల మీద చేరబడి కూర్చుంటారు. మీ ప్రేక్షకులు వాళ్లే. ఆ రెండు గంటల్లోనే ఎండ ఎటు తిరుగుతోంది, కాలవ కంపు ఎటు కొడుతోంది, పోలీసు ఔట్‌పోస్టు ఎక్కడ, కుక్కలు ఎక్కడ పడుకుంటున్నాయి, పోర్టర్లు, హమాలీలు ఏ దారిన నడుస్తున్నారు, ఇవి కూడా చూడండి. హమాలీ దారికి అడ్డం నిలబడితే మొదటి తిట్టు అక్కణ్నుంచే వస్తుంది, అది న్యాయమే.

జనం సగటున పావుగంట ఆగుతున్నారని తేలిందనుకోండి, మీ నాటకం పన్నెండు నిమిషాలు దాటకూడదు. ఆ పన్నెండు కూడా ఒకే కథగా ఉండకూడదు. నాలుగేసి నిమిషాల మూడు ముక్కలు చెయ్యండి. ప్రతి ముక్కా దానంతటది ముగియాలి, ఒక నవ్వుతోనో ఒక దెబ్బతోనో. ఎందుకంటే ఐదో నిమిషంలో రాజాం బస్సు వస్తుంది, మీ ముందున్న జనంలో సగం లేచిపోతారు, వాళ్ల చోట్లో కొత్తవాళ్లు నిలబడతారు. వెళ్లినవాడికి కథ సగంలో పోయిందన్న వెలితి ఉండకూడదు, వచ్చినవాడికి ఏం జరుగుతోందో అర్థం కాకపోకూడదు. దీనికి మన తప్పెటగుళ్లు, జముకుల కథ వాళ్లు ఎప్పుడో దారి చూపించారు: పల్లవి. ముక్కకీ ముక్కకీ మధ్య రెండు పంక్తుల పాట, అందులోనే జరిగిన కథ. కొత్తగా వచ్చినవాడు ఆ రెండు పంక్తులు వింటే చాలు, లోపలికి వచ్చేస్తాడు.

బస్సు వచ్చి జనం లేస్తుంటే నటులు మొహం మాడ్చుకోకూడదు. పాత్రలోనే ఉండి సాగనంపండి. 'ఓలమ్మా, సంచి మర్సిపోనావు, సూసుకో' అని ఒక్క మాట అంటే మిగిలినవాళ్లు నవ్వుతారు, వెళ్లే ఆవిడా నవ్వుతుంది. ఎంక్వయిరీ మైకులో అనౌన్స్‌మెంట్‌ మొదలైతే అరిచి గెలవాలని చూడొద్దు. ఆడేవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. అనౌన్స్‌మెంట్‌ అయ్యాక ఆగిన మాట దగ్గర్నుంచే ఎత్తుకోవాలి. రెండోసారి ఆగేసరికి జనం దాన్ని నాటకంలో భాగం చేసుకుంటారు, అనౌన్సర్‌ గొంతు వినపడగానే మీకన్నా ముందు వాళ్లే నవ్వుతారు. దీన్ని రిహార్సలులో విజిల్‌ ఊది సాధన చెయ్యండి. మాట మధ్యలో ఆగి, అదే శ్రుతిలో అందుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

ఇక నిలబడే తీరు. వీధి నాటకం అనగానే అందరూ చుట్టూ వలయం గీస్తారు. సంతలో అది సరైనదే. బస్టాండులో కాదు. బస్సుకోసం చూసేవాడు ప్లాట్‌ఫారానికి వీపు పెట్టి నిలబడడు, ఎంత మంచి నాటకమైనా సరే. అందుకని అక్కడ అర్ధవృత్తం వెయ్యాలి. నటుల వీపు బస్సుల వైపు, జనం మొహం బస్సుల వైపు. వాడికి మీరూ కనిపిస్తారు, మీ వెనక బస్సూ కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం అంచు నుంచి కనీసం రెండు మీటర్లు వదలండి.

కొలతలు చెప్తాను. ఆడే చోటు మూడు మీటర్ల వ్యాసార్థం చాలు. మనిషి నిలబడడానికి అర మీటరు లెక్కేసుకుంటే, వెనక్కి అరవై సెంటీమీటర్లకొక వరస చొప్పున మూడు వరసలకి పూర్తి వలయంలో నూట ముప్పై మంది పైచిలుకు, అర్ధవృత్తంలో డెబ్భై మంది దాకా పడతారు. మైకు లేని గొంతుకి ఇంతకు మించి జనం వద్దు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్స్‌ పడిపోతుంది. మూడో వరస దాటాక నిలబడినవాడికి మీ నోరు కదలడం తప్ప ఏమీ అందదు. వాడు ఊరుకోడు, పక్కవాణ్ని 'ఏటంతన్నాడు?' అని అడుగుతాడు. ఆ గుసగుసతో రెండో వరస కూడా పోతుంది.

మూడో వరసవాడికి మీ నడుం కింద భాగం కనపడదన్నది ఇంకో సంగతి. నేల మీద పడి చచ్చిపోయే సీను, కాళ్లు పట్టుకుని ఏడ్చే సీను బస్టాండులో వృథా. సంతలో అయితే ముందు వరసలో పిల్లల్ని కూర్చోబెట్టొచ్చు. బస్టాండులో సంచులతో ఉన్నవాళ్లు నేల మీద కూర్చోరు. అందుకని అడుగున్నర ఎత్తు బల్ల ఒకటి తీసుకెళ్లండి. చచ్చేవాడు దాని మీద చస్తాడు, మిగిలిన టైములో అది పంచాయతీ అరుగు, ఆటో, బ్యాంకు కౌంటరు అవుతుంది.

మైకు వద్దు. రూల్సు సంగతి అలా ఉంచితే, మైకు పట్టుకున్న నటుడు ఒక్కచోట పాతుకుపోతాడు, పైగా పెద్ద శబ్దం విన్న జనం దగ్గరికి రారు, దూరంగా నిలబడి చూస్తారు. దగ్గరికి వచ్చి నిలబడితేనే వలయం కడుతుంది. దానికి బదులు డైలాగు మార్చండి. పరిషత్తు నాటకాల్లో మూడు లైన్ల వాక్యాలు ఉంటాయి. ఇక్కడ ఆరేడు మాటలకు మించకూడదు. అసలు మాట వాక్యం చివర రావాలి. కథకి కావలసిన ప్రతి సమాచారం, ఎవడు ఎవడికి ఎంత బాకీ లాంటిది, ముగ్గురు పాత్రల నోట మూడుసార్లు వినపడాలి. స్టేజీ మీద అది చాదస్తం, ఇక్కడ అవసరం. గొంతు పైకెత్తి కీచుగా అరవొద్దు, హారన్లలో కలిసిపోతుంది. శ్రుతి కాస్త దించి, హల్లులు కొట్టినట్టు పలకండి. బస్టాండు కాని చోట్ల, వీలైతే వెనక గోడ ఉన్న చోటు చూసుకోండి, అది మీ గొంతును ముందుకి కొడుతుంది. రేకుల షెడ్డు కింద మాత్రం మాట గందరగోళమవుతుంది, వాన పడితే ఇక ఏమీ వినపడదు. రోజుకి మూడు ఆటలు, మధ్య గంటన్నర విరామం. నాలుగో ఆటకి ఆశపడితే మర్నాడు గొంతు ఉండదు.

జనాన్ని చేర్చడానికి డప్పు మంచిదే. అయితే తోలు డప్పు మన సముద్రపు గాలికి చెమర్చి మెత్తబడిపోతుంది, గడ్డిమంట మీద కాస్తే గానీ మోగదు. కాంప్లెక్సులో మంట వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అక్కడికి ఫైబర్‌ డప్పు పట్టుకెళ్లండి. నాదం తోలుదంత బాగుండదు, కానీ మోగుతుంది. సంతలకి మాత్రం తోలుదే.

డప్పు లేకుండా మొదలుపెట్టే పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. ఒక నటుడు పెద్ద గోనెసంచి మోసుకుంటూ వస్తాడు. బెంచీ మీదున్న పెద్దాయన్ని మామూలు గొంతుతోనే అడుగుతాడు: 'బావూ, పాలకొండ బస్సు ఎల్లిపోనాదేటి?' జవాబు వస్తుంది. రెండో మనిషిని ఇంకాస్త గట్టిగా అదే అడుగుతాడు. మూడోసారి అడిగేది మీ రెండో నటుణ్ని, అతను అటు పక్క బెంచీ మీద ప్రయాణికుల్లో కూర్చుని ఉంటాడు. 'నువ్వు మూడేళ్ల నుంచి ఇదే బస్సుకోసం సూస్తన్నావు కదరా' అంటాడతను. అందరి తలలూ అటు తిరుగుతాయి. అప్పుడు మూడో మనిషి పాట ఎత్తుకుంటే ఇది నాటకమని అందరికీ తెలిసిపోతుంది. దీనికంతా ముప్పై నలభై సెకన్లు, అంతే. అంతకన్నా సాగదియ్యకండి.

ఎందుకు సాగదియ్యకూడదో వివరంగా చెప్పాలి. బ్రెజిల్‌ నాటకకర్త అగస్టో బోల్‌ 'అదృశ్య నాటకం' అని ఒకటి ఆడించేవాడు: నాటకమని చెప్పకుండా జనం మధ్య నిజమైన గొడవలా ఆడటం. చదివితే ఉత్సాహం వస్తుంది. ఇక్కడ చెయ్యొద్దు. దొంగతనం, అమ్మాయిని ఏడిపించడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం, సంచిలో బాంబు, ఇలాంటివి నాటకమని చెప్పకుండా ఒక్క నిమిషం ఆడినా మీ నటుడు దెబ్బలు తింటాడు. 2018లో వాట్సాప్‌ పుకార్లు నమ్మి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఇప్పుడైతే దెబ్బలకన్నా ముందు వీడియో వెళ్లిపోతుంది, 'ఫలానా కాంప్లెక్సులో దారుణం' అన్న శీర్షికతో. ఆశ్చర్యం ముప్పై సెకన్లు చాలు, ఆ తర్వాత జనానికి తెలియాలి.

పర్మిషన్ల సంగతి. చోటు ఎవరిదో వాళ్లకి ఒక అర్జీ, ఆ చోటు ఏ పోలీసు స్టేషన్‌ కిందికి వస్తుందో ఆ స్టేషన్‌ అధికారి ఎస్‌హెచ్‌ఓకి ఒకటి. బస్టాండుకి డిపో మేనేజరు, పైన జిల్లా ప్రజారవాణా అధికారి. రైతుబజారుకి ఎస్టేట్‌ ఆఫీసరు. గుడి ఆవరణకి ఈవో. రోడ్డు, కూడలి, పార్కు అయితే మున్సిపల్‌ కమిషనరు, ట్రాఫిక్‌ పోలీసులు. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు: తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ఎంతమంది, మైకు లేదు, దారికి అడ్డం లేదు, కథ నాలుగు లైన్లలో, బాధ్యుడి ఫోన్‌ నంబరు. వారం ముందే ఇచ్చి, రెండో కాపీ మీద 'రిసీవ్డ్‌' స్టాంపు వేయించుకోండి. ఆ కాపీ ఫొటో ఐదుగురి ఫోన్లలోనూ ఉండాలి. డ్యూటీ మారిన కానిస్టేబుల్‌కి పొద్దున్న సీఐ గారు నోటితో చెప్పిన మాట తెలియదు, స్టాంపు కనిపిస్తే తెలుస్తుంది. స్క్రిప్టు అడిగితే ఇచ్చేయండి, దాచినకొద్దీ అనుమానం.

నాటకాల మీద బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన 1876 నాటి చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది గానీ, గుంపుల మీద ఆంక్షలు పెట్టే అధికారం అలాగే ఉంది. సీఆర్‌పీసీలోని పాత 144 సెక్షన్‌ ఇప్పుడు దాని చోట వచ్చిన నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163. అది గానీ, పోలీసు చట్టం 30వ సెక్షన్‌ గానీ ఊళ్లో అమల్లో ఉందేమో స్టేషన్లో అడిగి మరీ తేదీ పెట్టుకోండి. మైకు తప్పదనుకుంటే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం విడిగా అనుమతి రాయించుకోవాలి, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా అసలు కుదరదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం కాబట్టి శ్రీకాకుళం రిమ్స్‌ ఆసుపత్రి పరిసరాలు ఆలోచించకండి.

ఎన్నికల కోడ్‌ ఉన్నన్నాళ్లూ రాజకీయం తగిలే కథ పెట్టెలో పెట్టేయండి. ఢిల్లీ వీధి నాటకకర్త సఫ్దర్‌ హష్మీ బృందం మీద 1989 జనవరి 1న సాహిబాబాద్‌ దగ్గర దాడి జరిగింది మున్సిపల్‌ ఎన్నికల వేళే. ఆయన మర్నాడు చనిపోయారు. ధైర్యం లేకపోవడం వేరు, అమ్మాయిలతో కలిపి ఐదుగురే ఉన్నప్పుడు తేదీ చూసుకోవడం వేరు.

రైలు మాత్రం మానుకోండి. రైల్వే చట్టం 144వ సెక్షన్‌ రైళ్లలో, స్టేషన్లలో అనుమతి లేని అమ్మకాలనీ, యాచననీ నిషేధించింది, 145 ప్రయాణికులకు ఇబ్బంది కలిగించడాన్ని. తువ్వాలు పరిచారంటే మొదటి దాంట్లో, పాట ఎత్తుకుంటే రెండో దాంట్లో పడొచ్చు. ప్లాట్‌ఫారం మీద ఆడాలన్నా స్టేషన్‌ మేనేజరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, డివిజన్‌ ఆఫీసు దాకా వెళ్లాలి. ఆ తిరుగుడుకి సంతలు నాలుగు ఆడుకోవచ్చు.

సంతే మీకు అన్నిటికన్నా మంచి చోటని నా లెక్క. మానాపురం సంత లాంటి పెద్ద సంతలో బేరం జోరుగా సాగుతున్నప్పుడు డప్పు కొడితే రైతులు కసురుకుంటారు. సరుకు అమ్ముడుపోయి, ఆటో నిండడం కోసం ఆడవాళ్లు చెట్టుకింద కూర్చునే వేళ ఒకటి ఉంటుంది, అప్పుడు మొదలుపెట్టండి. అక్కడ ఇరవై నిమిషాలు కూడా నిలుస్తారు. రైతుబజారులో గేటు బయట ఆడితే ఎవరూ ఆగరు, చేతిలో కూరల సంచి బరువు. లోపల, ఖాళీ సంచితో వచ్చే దారి పక్కన అయితే ఆగుతారు, అదీ ఏడెనిమిది నిమిషాలే. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మనిషి నిలబడే చోటు లేదు, ట్రాఫిక్‌ పోలీసు రెండో నిమిషంలో వస్తాడు. అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్న నడకకొచ్చేవాళ్లు ఉంటారు, నిశ్శబ్దంగా ఉంటుంది. మొదటి ఆటలు అక్కడ ఆడి గొంతు, కొలతలు సరిచూసుకోండి. అరసవల్లిలో ఆదివారం జనం బాగా ఉంటారు, అయితే దర్శనం క్యూ దగ్గర కాదు, బయటికొచ్చి చెప్పులేసుకునే వైపు. పైడితల్లమ్మ సిరిమాను రోజు వద్దు. అన్ని లక్షల మందిలో వలయం కట్టడం మాట అటుంచి, మీ ఐదుగురూ ఒకరికొకరు దొరకడమే కష్టం. ఋతువు విషయానికొస్తే నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అక్టోబరు తుపాన్ల నెల, మార్చి తర్వాత సాయంత్రం ఐదు దాటితేనే.

ఐదుగురిలో నలుగురే ఆడండి. ఐదో మనిషి బయట మనిషి. వేషం ఉండదు, వలయం అంచున తిరుగుతుంటాడు. బ్యాగులు, పోలీసులతో మాట, తాగి వచ్చినవాడు, అన్నీ అతని పని. గుంపు చేరితే జేబుదొంగలు చేరతారు, ఎవరి పర్సు పోయినా నింద మీ మీదకే వస్తుంది. అందుకే మొదటి ముక్కలోనే నవ్వించే మాటగా 'జేబులు సూసుకోండి బావూ' అని ఒకసారి అనిపించండి. తాగినవాణ్ని తోసెయ్యొద్దు, ఎదురు చెప్పొద్దు. కర్ర చేతికిచ్చి 'నువ్విక్కడ కాపలా' అంటే సగం మంది బుద్ధిగా నిలబడతారు. మిగిలిన సగం కోసం ఒక గుర్తుమాట పెట్టుకోండి, నాటకంలో లేని పేరు ఏదైనా, 'ఒరే చలపతీ' లాంటిది. ఎవరు ఆ పేరు పిలిచినా నలుగురూ వెంటనే చివరి పాటకి వెళ్లిపోయి ముగించెయ్యాలి. ఆడపిల్లల విషయంలో ఈ గుర్తుమాట వాళ్ల చేతిలోనే ఉండాలి.

యాస గురించి ఒక మాట. సినిమాలు మన శ్రీకాకుళం యాసని పనివాడికీ, జోకరుకీ కట్టబెట్టేశాయి. మీరు కూడా పంతులుగారికి పుస్తకాల తెలుగు, పాలేరుకి యాస పెడితే జనం నవ్వుతారు గానీ లోపల ముడుచుకుంటారు. తెలివైనవాడికీ, ఆఫీసరుకీ, తల్లికీ అదే యాస పెట్టండి. ఇంకొకటి: కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాసల్లో ఆడేటప్పుడు కిడ్నీ, డయాలసిస్‌ మాటలతో హాస్యం వద్దు. వలయంలో నిలబడినవాళ్లలో ఎవరింట్లో రోగి ఉన్నాడో మీకు తెలియదు. వలస, లోన్‌ యాప్‌, చిట్టీల మోసం ఎక్కడైనా పలుకుతాయి.

డబ్బులు. నాటకం అయిపోయాక తువ్వాలు పరిస్తే సగం జనం అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. గారడీవాణ్ని చూడండి, పాము బుట్ట మూత తీసే ముందు అడుగుతాడు. మీరు రెండో ముక్క ముగిసి, మూడోది విప్పబోయే ముందు, పాత్రలోనే ఉండి అడగండి. భాగవతం మేళాల చదివింపుల పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది: ఇచ్చినవాడి ఊరు పేరు గట్టిగా చదవండి, పది రూపాయలైనా. పక్క ఊరివాడు ఊరుకోడు. క్యూఆర్‌ కోడ్‌ ఏ4 సైజులో లామినేట్‌ చేయించి రెండు చివర్లా రెండు పట్టుకోండి. స్కాన్‌ చేస్తే వచ్చే పేరూ, మీరు చెప్పిన బృందం పేరూ వేరైతే చాలామంది ఫోన్‌ జేబులో పెట్టేసుకుంటారు, ఆ ఖాతా ఎవరి పేరున ఉందో ముందే చెప్పండి. కాంప్లెక్సులో డబ్బు అడిగేది అర్జీలో రాయకపోతే అడగొద్దు. అద్దె కట్టే షాపువాళ్లే ముందు ఫిర్యాదు చేస్తారు.

అయినా చందాతో ఇల్లు గడవదు. టీలు, బస్సు చార్జీలు, భోజనాలు గడుస్తాయి. కాస్త వెనకేసుకోగలిగే డబ్బు అవగాహన ప్రదర్శనల్లో ఉంది: ఓటు హక్కు, పారిశుద్ధ్యం, రోడ్డు భద్రత. జిల్లా పౌరసంబంధాల అధికారి ఆఫీసులో కళాబృందంగా పేరు రాయించుకోండి. కేంద్రంలో సెంట్రల్‌ బ్యూరో ఆఫ్‌ కమ్యూనికేషన్‌ బృందాల్ని ఎంప్యానెల్‌ చేసుకుంటుంది. ఇద్దరూ అడిగేది ఆడిన రుజువు. అందుకని ప్రతి ఆటకీ తేదీ, చోటు కనిపించే ఫొటో, స్టాంపు వేసిన అర్జీ, తొంభై సెకన్ల వీడియో ఒక ఫైల్లో పెట్టండి. వీడియో ఫోన్‌ అడ్డంగా పట్టి, మొదటి వరసలోంచి తీయండి, వెనకనుంచి తీస్తే హారన్లే వస్తాయి. ఆడిషన్లకి కూడా ఆ తొంభై సెకన్లే పంపుకోవచ్చు.

సామాను అంతా ఒక్క సంచిలో పట్టాలి. ఆడే నలుగురికీ ఒకే రంగు చొక్కాలు, పాత్రకొక్క వస్తువు: కండువా, కళ్లజోడు, చేతికర్ర, చేటంత రిజిస్టరు. వస్తువు చేతులు మారితే పాత్ర మారినట్టే. చెప్పులు వదలొద్దు, మధ్యాహ్నం సిమెంటు గచ్చు కాలుతుంది. ఆడిన చోట ఐదు నిమిషాలు తుడిచి వెళ్లండి, తర్వాతి అర్జీకి స్వీపరమ్మే సిఫారసు చేస్తుంది.

ఇప్పుడున్న పాతిక నిమిషాల స్క్రిప్టుని పారెయ్యక్కర్లేదు. అందులో పల్లవితో కట్టగలిగే మూడు చోట్లు గుర్తుపెట్టండి. రెండు గంటలు కూర్చుని రాసిన ఇరవై మంది లెక్క కూడా పక్కన పెట్టి పంపితే, ఎక్కడ కొయ్యాలో చెప్తాను.